బెల్టు తీసిన చెయ్యి

ఈ వారమే చదవడం మొదలుపెట్టినవారికి నాలుగు మాటలు. మన కోడలు వ్యాను డ్రైవరు. నడవలేనివాళ్ళని చక్రాల కుర్చీతో సహా ఎక్కించుకుని ఆసుపత్రులకీ ఆఫీసులకీ తిప్పే సర్వీసులో పనిచేస్తుంది. కుర్చీని నాలుగు మూలలా పట్టీలతో నేలకి బిగించి, మనిషికి విడిగా నడుముకీ భుజానికీ బెల్టు పెట్టి, "క్లిప్పు పడిందా?" అని అడిగి, టక్కుమన్న చప్పుడు చెవిన పడ్డాకగానీ బండి కదిలించదు. అందుకే ఎక్కేవాళ్ళందరూ ఆమెని క్లిప్పమ్మ అంటారు. అలాంటి క్లిప్పమ్మ బండిలో, సాక్షాత్తూ అత్తగారే, ఒక్క బ్రేకుకి కుర్చీలోంచి ఎగిరి ముందు సీటుకి కొట్టుకుని దవడ విరగ్గొట్టుకుంది. కుర్చీ అంగుళం కదల్లేదు, మనిషి మాత్రం ఎగిరిపడింది. చూస్తే ఆవిడ బెల్టు విప్పి ఉంది.

కోడలు పెట్టడం మరిచిపోయిందన్నారు కొందరు. కావాలనే పెట్టలేదంది ఆడపడుచు. సర్వీసు యజమాని తాళంచెవి వెనక్కి తీసుకున్నాడు. భర్త మంచీ చెడూ ఏమీ అనలేదు. ఆమెకి అదే ఎక్కువ గుచ్చుకుంది. అత్తగారు నోరు విప్పితే తేలిపోయే సంగతి. కానీ దవడ అతుక్కోవడానికి ఆవిడ పై పళ్ళూ కింది పళ్ళూ కలిపి తీగలు చుట్టేశారు. ఆ తీగలు తీసే ఉదయం, ఆసుపత్రి వరండాలో అందరూ తలుపు వైపు చూస్తూ నిలబడ్డారు.

*

డాక్టరు చేతులు తుడుచుకుంటూ బయటికొచ్చి చెప్పిన మొదటి మాటే అందర్నీ తికమక పెట్టింది.

"దవడ చక్కగా అతుక్కుంది. మెత్తగా ఏదైనా పెట్టండి, కాస్త కాస్త మాట్లాడనివ్వండి. అయినా మీ పెద్దావిడ భలే మొండి మనిషండీ! తీగలున్నా పళ్ళ సందుల్లోంచి ఎవరైనా ఏదో ఒకటి గొణుగుతారు. ఊ అని కూడా అనని మనిషిని ఈవిణ్ణే చూశాను."

"అంటే... ఇన్నాళ్ళూ మాట్లాడగలిగేదా?" అంది ఆడపడుచు.

"నిక్షేపంగా."

డాక్టరు వెళ్ళిపోయాడు. ఆడపడుచు మెల్లగా కోడలి వైపు తిరిగింది. "విన్నావుగా? మాట్లాడలేక కాదు. భయపడి. నువ్వు పక్కనుండగా నోరు విప్పడానికి మా అమ్మ భయపడింది."

"అక్కా, ఊరుకో. ఇది ఆసుపత్రి," అన్నాడు కోడలి భర్త, గోడకి ఆనుకునే.

మొదటి రోజుల్లో కోడలు "నేను పెట్టాను, నా చెవులతో విన్నాను" అని గట్టిగానే అంది. రోజులు గడిచేకొద్దీ ఆ గట్టిదనం కరిగిపోయింది. ఎంతమందికి పెట్టింది బెల్టు! ఎన్ని టక్కులు విన్నది! గుర్తున్న ఆ చప్పుడు ఆ రోజుదేనా, లేక ముందురోజుదా? ఒకవేళ మరిచిపోయిందేమో. ఒకవేళ లోపలెక్కడో, తనకే తెలియని కసితో, చెయ్యి ఆ ఒక్క పనీ ఎగ్గొట్టిందేమో. రాత్రిళ్ళు లేచి కూర్చుని తన చేతుల్నే చూసుకునేది.

అత్తగారిని కుర్చీలో బయటికి తీసుకొచ్చారు. చిక్కిపోయింది. చెంపలు లోపలికి పోయి, ముక్కు పొడుగ్గా కనిపిస్తోంది. కళ్ళు మాత్రం అవే, ఇంట్లో ఎవరు ఏ డబ్బా ఎక్కడ పెట్టారో కుర్చీలోంచే చెప్పేసే కళ్ళు.

ఆవరణలో సర్వీసు వ్యాను నిలబడి ఉంది. యజమానే స్వయంగా తీసుకొచ్చాడు. మా బండిలో జరిగింది కాబట్టి ఇంటికి చేర్చే బాధ్యత నాదే అన్నాడు. ఆడపడుచు అంతకుముందే ఒక కారు మాట్లాడి ఉంచింది.

"మా అమ్మ మళ్ళీ ఆ బండి ఎక్కదు," అంది.

అత్తగారు చెయ్యెత్తి వ్యాను వైపు చూపించింది.

"అమ్మా, అందులోనే కదా నీకు..."

చెయ్యి దిగలేదు. యజమాని ర్యాంపు దించి కుర్చీని పైకి తోశాడు. పట్టీ అందుకుని వంగబోయాడు. అత్తగారు ఆయన చేతిని పక్కకి నెట్టి, కింద నిలబడ్డ కోడల్ని చూపించింది.

"ఆవిడ ఇప్పుడు డ్యూటీలో లేరండీ," అన్నాడాయన ఇబ్బందిగా.

అత్తగారు చూపు తిప్పలేదు. చివరికి ఆయనే దిగి, ర్యాంపు దగ్గర పక్కకి నిలబడ్డాడు.

కోడలు ఎక్కింది. కుర్చీ పక్కనున్న మడత సీటు మీద భర్త కూర్చున్నాడు. ఆడపడుచు ముందు సీటులో కూర్చుని వెనక్కి తిరిగి, పోలీసులా ఒక్కొక్కటీ గమనిస్తోంది. ఆడబిడ్డ అర్ధమొగుడంటారు. ఈ నెల్లాళ్ళుగా ఆవిడ అర్ధ జడ్జి కూడా.

కోడలు మోకాళ్ళ మీద కూర్చుంది. ముందు పట్టీలు రెండూ కుర్చీ చట్రానికి తగిలించి లాగి చూసింది. వెనక రెండూ తగిలించి, చక్రాలకి తగలకుండా సరిచేసి, బిగించింది. కుర్చీ పట్టుకుని ఊపింది. కదల్లేదు. తర్వాత బెల్టు. నడుము పట్టీ తుంటి ఎముకల మీదికి దించి, భుజం పట్టీ మెడకి రాసుకోకుండా జరిపి, కొసని గూట్లో పెట్టి నొక్కింది.

టక్.

అలవాటు చొప్పున "క్లిప్పు పడిందా?" అనబోయి నోరు మూసుకుంది.

"ఇంకాస్త బిగించు."

ఎవరన్నారో ఒక్క క్షణం ఎవరికీ అర్థం కాలేదు. ఆ గొంతు మూతపడిన తలుపు తెరిచినట్టు కిర్రుమంది. ఆ మాట అత్తగారిది.

"అమ్మా!" అంటూ ఆడపడుచు సీట్లోంచి సగం లేచింది.

"ఉండవే." అత్తగారు పెదాలు తడుపుకుంది. కళ్ళు కోడలి మీదే ఉన్నాయి. "ఆ రోజు ఇంతకన్నా గట్టిగా బిగించావు. ఊపిరాడట్లేదే అని తిట్టాను కూడా. మరిచిపోయావా?"

కోడలు తలెత్తి ఆవిడ మొహంలోకి చూసింది.

"నువ్వు పెట్టావు. చప్పుడు నేనూ విన్నాను. తీసింది నేను."

ఆసుపత్రి గేటు దగ్గర ఎవరో హారను కొడుతున్నారు.

ముందు తేరుకున్నది ఆడపడుచే. "దీన్ని కాపాడ్డానికి చెప్తున్నావమ్మా. చెంచా పట్టుకోలేవు, గుండీ పెట్టుకోలేవు. బెల్టు బటను నొక్కే బలం నీ వేళ్ళకి ఎక్కడిది?"

"వేళ్ళకి లేదు. నిజమే."

అత్తగారు కుడి చేతిని ఒళ్ళోంచి తుంటి పక్కకి జరిపింది. వేళ్ళు వేలాడుతున్నాయి. అరచేతి మొదలుని ఎర్ర బటను మీద ఆనించి, ఒంటి బరువంతా ఆ పక్కకి వాల్చేసింది.

టక్.

బెల్టు సర్రున భుజం మీదుగా జారి గోడలోకి వెళ్ళిపోయింది.

ర్యాంపు దగ్గర యజమాని "అయ్యో దేవుడా" అన్నాడు పైకే. "అమ్మగారూ, మరి నేనొచ్చి మంచం పక్కన నిలబడి, కోడలు బెల్టు పెట్టిందా అని అడిగితే కళ్ళు మూసుకున్నారే! పెట్టలేదనే అనుకున్నాం కదండీ."

కోడలు వ్యాను నేల మీద చతికిలబడింది. నింద పోయింది, సంతోషించాలి. కానీ ముందుగా వచ్చింది సంతోషం కాదు, ఒళ్ళంతా మంట.

"నాకు పిచ్చి పట్టిందనుకున్నాను అత్తయ్యా," అంది. "నా చేతుల్ని నేనే నమ్మడం మానేశాను. అంట్లు తోముతుంటే కూడా ఈ చేతులే కదా అనిపించేది. మీరు ఒక్కసారి తలూపి ఉంటే సరిపోయేది. ఒక్కసారి!"

"తప్పే. నీ కాళ్ళు పట్టుకోవలసినంత తప్పు. వంగలేను కాబట్టి ఇక్కణ్ణుంచే అంటున్నాను." అత్తగారు ఆయాసపడి ఆగింది. "నువ్వు పెట్టావని తలూపితే, మరి తీసిందెవరంటారు. నేనే అంటే, ఎందుకంటారు. ఆ ఎందుకుకి జవాబు చెప్పవలసినవాడు రోజూ నా పక్కనే కూర్చుని గొట్టంతో పాలు తాగించాడు. వాడంతట వాడే చెప్తాడని చూశాను. ఇవాళ చెప్తాడు, రేపు చెప్తాడు అని. వాడు నోరు విప్పలేదు. నేనూ విప్పలేదు. మా ఇద్దరి మొండితనం మధ్యా నువ్వు నలిగిపోయావు."

అందరి కళ్ళూ మడత సీటు మీదికి మళ్ళాయి.

"నేనా?" భర్త నవ్వబోయాడు, నవ్వు రాలేదు. "నేనేం చేశానమ్మా? ఆ రోజు నేను ఊళ్ళోనే లేను. పొరుగూళ్ళో కొత్త బిల్డింగుకి లిఫ్టు బిగించడానికి వెళ్ళాను. నీకు చెప్పే వెళ్ళాను కదా."

"చెప్పావురా. అందుకే నా కళ్ళని నేనే నమ్మలేకపోయాను." అత్తగారి గొంతు సన్నబడింది. "నరాల ఆసుపత్రి మలుపు దగ్గర దీని బండి నెమ్మదించింది. కిటికీలోంచి చూస్తే గేటు దగ్గర ఒకడు కూర్చుని ఉన్నాడు. నాలాగే, చక్రాల కుర్చీలో. తల దించుకుని. చెట్టంత మనిషి, రెండు కాళ్ళూ కుర్చీ పాదాల పలకల మీద పెట్టుకుని, ఎవరో తోస్తుంటే వస్తున్నాడు. ఎవరి బిడ్డో పాపం అనుకున్నాను. ఆ తర్వాత తలెత్తాడు."

తను తప్పుగా విన్నానేమో అనుకుంది కోడలు.

"అద్దం మీద కొట్టి పిలుద్దామనుకున్నాను. బెల్టు వెనక్కి లాగేసింది. తీసేశాను. ముందుకి వంగానో లేదో, నీ బండికి సైకిలు అడ్డమొచ్చింది కోడలా, నువ్వు బ్రేకు వేశావు. అంతవరకే తెలుసు."

"ఎవర్నో చూసి నేననుకున్నావు," అన్నాడతను. "దూరం నుంచి ఎవరైనా ఒకేలా..."

"కన్నదాన్నిరా. వీపు చూసినా చాలు." ఆవిడ కళ్ళలో నీళ్ళు లేవు. "సరే, నాదే పొరపాటు. లే. చేతులు దేనికీ ఆనించకుండా ఆ సీట్లోంచి లేచి నిలబడు. నిలబడితే నేను నోరు మూసుకుంటాను. కావాలంటే మళ్ళీ తీగలు చుట్టించుకుంటాను."

అతను తల్లి వైపు చూశాడు. భార్య వైపు చూడలేదు. చేతులు రెండూ ఛాతీకి కట్టుకుని ముందుకి వంగాడు. తొడలు బిగిశాయి, మెడ నరాలు తేలాయి. పిరుదులు సీటు మీద నుంచి కొద్దిగా లేచి, మళ్ళీ కూలబడ్డాయి. ఇంకోసారి ప్రయత్నించాడు. మూడోసారి, తనకి తెలియకుండానే చేతులు విడివడి మోకాళ్ళ మీద పడ్డాయి. అక్కణ్ణుంచి తొడల మీదికి, ఇంకాస్త పైకి. తన కాళ్ళనే నిచ్చెనగా చేసుకుని ఎక్కుతున్నట్టు, ఒళ్ళంతా వణుకుతూ, సగం లేచి ఆగిపోయాడు.

"చాలు, కూర్చో నాన్నా," అంది తల్లి. "నాకూ ఇలాగే మొదలైంది."

కోడలు కళ్ళప్పగించి చూస్తోంది. ఈ లేవడం ఆమెకి తెలుసు. ఎంతమంది లేస్తుంటే చంక కింద చెయ్యి వేసి పట్టుకోలేదు! పరాయివాడు బండి ఎక్కుతుంటే అడుగు తేడా చూసి, కండరాలు కరిగిపోయే జబ్బని పట్టేస్తుంది. అదే మనిషి ఇంట్లో మంచం పట్టె పట్టుకుని లేస్తుంటే అలసిపోయాడనుకుంది. నీళ్ళ డబ్బా ఎత్తడం మానేస్తే బద్ధకమని విసుక్కుంది. గోడ పట్టుకుని నడిస్తే మోకాళ్ళకి నూనె రాసింది.

"ఎప్పట్నుంచండీ?"

"మెట్లు బరువైనప్పట్నుంచీ." నేల వైపు చూస్తూ అన్నాడు. "లిఫ్టు పాడైతేనే కదా మమ్మల్ని పిలుస్తారు. ఎన్ని అంతస్తులైనా మెట్ల మీదే ఎక్కాలి. మొదట్లో చెప్పులు బాలేవనుకున్నాను."

"ఇప్పటికీ ఎక్కుతున్నారా? ఆ లిఫ్టు గోతుల్లోకి, తాళ్ళ మధ్యకి... ఇంకా దిగుతున్నారా?"

అతను తలూపాడు. మనుషులు కుర్చీలోంచి జారిపోకుండా తను ఊరంతా పట్టీలు బిగించుకుంటూ తిరుగుతుంటే, తన మనిషి ఏ ఆధారం లేకుండా అంతంత ఎత్తున పనిచేస్తున్నాడు.

అప్పుడు తట్టింది ఇంకో మాట. "కుర్చీ తోసిందెవరు అత్తయ్యా?"

అత్తగారు తలెత్తి ముందు సీటు వైపు చూసింది.

ఇంతసేపూ వెనక్కి తిరిగి చూస్తున్న ఆడపడుచు ఎప్పుడు తిరిగిందో, ఇప్పుడు ముందు అద్దంలోంచి బయటికి చూస్తోంది. భుజాలు మాత్రం ఎగిరెగిరిపడుతున్నాయి.

"వదినా?"

"నేనే." ఆవిడ ఇటు తిరగలేదు. "నీకు చెప్పొద్దని ఒట్టు వేయించుకున్నాడు. అమ్మ సంగతికే ఆ పిల్ల చాకిరీ సరిపోతోంది, నా సంగతి కూడా నెత్తిన వేయలేనన్నాడు. ఏదో పరీక్ష కోసం తొడలో సూది పొడిచారు, నడవలేకపోయాడు, అందుకే కుర్చీ ఇచ్చారు."

"మా బండి ఆగడం చూశారా?"

"చూశాను. నీకు కనబడతాడని భయమేసి, కుర్చీ తిప్పేసి లోపలికి తోసుకుపోయాను. బండిలో మా అమ్మ నెత్తురోడుతూ పడి ఉందని నాకేం తెలుసు!"

"తెలిశాక?"

"తెలిశాక, నువ్వు బెల్టు పెట్టలేదనే అనుకున్నాను. అలా అనుకోకపోతే, అమ్మ మమ్మల్ని చూసే తీసిందనుకోవాలి కదా." ఆవిడ కొంగు నోట్లో కుక్కుకుంది. "ఒకసారి నిన్ను అన్నాక, రెండోసారి అనడం తేలికైపోయింది. నిన్ను తిట్టుకుంటేనే నాకు నిద్ర పట్టేది."

కోడలికి ఆవిడ జుట్టు పట్టుకుని బండిలోంచి ఈడ్చెయ్యాలనిపించింది. ఆ ఏడుపు చూసి చెయ్యి రాలేదు. అంతలో ఎవరో దగ్గారు.

యజమాని. పాపం, పోవాలో ఉండాలో తెలియక అక్కడే నిలబడిపోయాడు. పైకెక్కి, తాళంచెవి కోడలి చేతిలో పెట్టాడు.

"ఇంటికి మీరే తీసుకెళ్ళండమ్మా. బండి రేపు తెచ్చివ్వండి, ఎల్లుండి ఇవ్వండి, మీ ఇష్టం. ఆ రోజు మీ మాట వినకుండా తాళం లాక్కున్నాను. ఏమనుకోకండి." దణ్ణం పెట్టి, బస్టాపు వైపు నడిచాడు.

ర్యాంపు పైకి మడిచి కోడలు తలుపు వేసింది. లోపల నలుగురూ మిగిలారు. ఎవరూ ఎవర్నీ చూడ్డం లేదు. ఏదో ఒకటి చేస్తుంటే తప్ప నిలబడలేనని ఆమెకి తెలిసింది. అత్తగారి బెల్టు మళ్ళీ లాగి, దించి, సరిచేసి నొక్కింది.

"ఇంకోసారి దీని మీద చెయ్యి వేశారంటే ఊరుకోను."

"వెయ్యనులే. చూడవలసింది చూసేశాను."

తర్వాత భర్త దగ్గరికి వెళ్ళింది. పెళ్ళయ్యాక ఎప్పుడూ అతనికి తను బెల్టు పెట్టలేదు. వంగి, అతని నడుము చుట్టూ పట్టీ తీసుకొచ్చింది. ఇంత దగ్గరగా చూస్తే కళ్ళ కింద ఎంత నల్లబడిందో తెలుస్తోంది.

"కోపం వచ్చిందా?" అన్నాడు, ఆమెకి మాత్రమే వినపడేలా.

"ఇంటికి వెళ్ళాక చెప్తాను."

"డాక్టరు అంతా వివరంగా చెప్పాడు. అమ్మ నుంచే నాకొచ్చిందట. అక్కకి లేదు, దేవుడి దయ. నాకు పిల్లలుంటే వాళ్ళకి రావచ్చు, రాకపోవచ్చు. సగం సగం అన్నాడు." అతను నిట్టూర్చాడు. ఊరడించడానికన్నట్టు ఆమె చేతిని నొక్కాడు. "ఇంతలోనూ ఒక్కటే మంచి అనిపించింది. మనకి ఇంకా పిల్లలు లేరు."

ఆమె చేతిలోని కొస గూట్లోకి వెళ్ళింది. టక్కుమందో లేదో ఆమెకి వినబడలేదు. అడగనూ లేదు.

దిగి, చుట్టూ తిరిగి వచ్చి డ్రైవరు సీట్లో కూర్చుంది. ఇన్నాళ్ళ తర్వాత కూర్చుంటే సీటు కొత్తగా ఉంది. పక్కన ఆడపడుచు కళ్ళు తుడుచుకుంటోంది. కోడలు అద్దం సరిచేసి, బెల్టు లాగి పెట్టుకుంది. పెట్టుకున్నాక, రెండు బొటనవేళ్ళూ నడుము పట్టీ కిందికి దూర్చి, దాన్ని పొట్ట మీద నుంచి తప్పించి, బాగా కిందికి, తుంటి ఎముకల మీదికి జార్చింది. పట్టీ మీద అరచెయ్యి కాసేపు అలాగే ఉండిపోయింది.

తాళంచెవి తిప్పబోతూ అద్దంలోకి చూసింది. అందులో అత్తగారి కళ్ళు. అవి ఆమె మొహం మీద లేవు. రెండు సీట్ల సందులోంచి ఆమె నడుము వైపు, ఆ చెయ్యి వైపు చూస్తున్నాయి.

"అమ్మాయ్," అంది అత్తగారు.

కోడలు చెయ్యి తీసేసింది.

"బెల్టు అంత కిందికి జార్చుకున్నావేం?"

మడత సీటు మీద భర్త తలెత్తాడు. అత్తగారి గొంతు ఈసారి కిర్రుమనలేదు. చాలా మెల్లగా, చాలా భయంగా వచ్చింది.

"ఎన్నో నెలే?"